చిన్న బ్యాటరీ దగ్గరికి చేయి పోవాలంటే

చిరంజీవి అల్లుడికి,

అనంతపురం నుంచి మామ ఆశీస్సులు.

పెద్ద బ్యాటరీ కొత్తది వేయించినా బండి మళ్ళీ మొరాయించిందని నిన్న ఫోన్లో అన్నావు. అమ్మినవాళ్ళు పాతది అంటగట్టారేమో అని కోపంగా కూడా ఉన్నావు. ఆ కోపం కాస్త పక్కన పెట్టు. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే తప్పు ఆ కొత్త బ్యాటరీది కాదు, దాని కింద కంటికి కనపడకుండా కూర్చున్న చిన్నదానిది. ఇలాంటి పని ఫోన్లో చెబితే సగమే గుర్తుంటుంది. మర్చిపోయిన సగం దగ్గరే చేతులు కాలతాయి. అందుకే వివరంగా రాస్తున్నా.

నీ జీప్ రాంగ్లర్‌లో బ్యాటరీలు రెండు. బానెట్ ఎత్తగానే కనిపించేది పెద్దది. రెండోది బైక్ బ్యాటరీ అంతే ఉంటుంది, సామర్థ్యం 12 యాంపియర్ అవర్ల దగ్గర. దాన్ని పెద్ద బ్యాటరీ ట్రే కిందికి తోశారు. కింది నుంచి చూస్తే ముందు చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగు వెనక ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, బ్రేక్ మీద కాలు తీయగానే మళ్ళీ అందుకుంటుంది చూడు, స్టార్ట్-స్టాప్ అనే ఆ ఏర్పాటు కోసం పెట్టింది అది. స్టార్టర్ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు పెద్ద బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. ఆ క్షణంలో డ్యాష్‌బోర్డు, పాటలు, లైట్లు ఆరిపోకుండా చిన్నది వాటిని మోస్తుంది.

మిగతా సమయమంతా రెండూ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిసే ఉంటాయి. చిక్కంతా అక్కడే. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు కూలబడితే రెండోది ఎంత బలమైనదైనా అడుగు వేయలేదు. చిన్నదాంట్లో ఒక సెల్, అంటే లోపలి గదుల్లో ఒకటి, పోయిందనుకో, 12 వోల్టుల పైన ఉండాల్సింది పదిన్నర దగ్గరికి దిగుతుంది. రాత్రంతా పెద్దదాని నుంచి ఛార్జి గుంజుతూనే ఉంటుంది. పొద్దున్నే నువ్వు బటన్ నొక్కేసరికి రెండూ డీలా పడి ఉంటాయి. ఎన్ని కొత్త పెద్ద బ్యాటరీలు తెచ్చి పెట్టినా కథ ఇదే. స్టార్ట్-స్టాప్ పనిచేయడం లేదు, బ్యాటరీ ఛార్జ్ అవుతోంది అని తెర మీద కొన్నాళ్ళుగా వస్తోందన్నావు కదా, జబ్బు అప్పుడే మొదలైంది.

మన సీమ ఎండ దీనికి పెద్ద శత్రువు. చలిదేశాల వాళ్ళు బ్యాటరీ చలికి చచ్చిందంటారు, మనకు మాత్రం వేసవే దాన్ని లోపల తినేస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఎన్నాళ్ళు బతకాలో, అక్కడి నుంచి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కడపలో మే నెల ఎండ, దానికి తోడు ఇంజిన్ వేడి. ఆపైన నువ్వు బండిని వారాల తరబడి షెడ్డులో నిలబెడతావు. సగం ఛార్జితో పడి ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఒకసారి గట్టిపడితే ఎంత ఛార్జి పెట్టినా పూర్తిగా కరగదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. గండికోట దగ్గర రాత్రి ఉండేటప్పుడు ఫ్రిజ్, లైట్లు ఈ రెండో బ్యాటరీ మీద నడుపుకోవచ్చని ఎవరో చెప్పారన్నావు. అది ఆ పనికి పెట్టింది కాదు. 4 యాంపియర్లు లాగే ఫ్రిజ్ పెడితే లెక్క ప్రకారమే మూడు గంటలు, పాత బ్యాటరీ అయితే అదీ ఉండదు. ఫ్రిజ్ కావాలంటే దానికి వేరే బ్యాటరీ, మధ్యలో ఐసొలేటర్, అంటే ఒకటి ఇంకోదాన్ని ఖాళీ చేయకుండా విడదీసే స్విచ్, పెట్టించుకో. దీన్ని దీని పని చేసుకోనివ్వు.

కొనే ముందు పరీక్ష చెయ్యి. పెద్ద బ్యాటరీ మైనస్ దగ్గర నల్ల కేబుళ్ళు రెండు కనిపిస్తాయి. అందులో ఒకటి చిన్నదాని నుంచి పైకొచ్చింది. రెండూ విప్పి విడివిడిగా ఉంచి కొన్ని గంటలు వదిలెయ్యి, రాత్రంతా అయితే ఇంకా మంచిది. తర్వాత వోల్టులు కొలిచే మీటరు పెట్టు. పెద్దదాన్ని దాని రెండు టెర్మినళ్ళ మధ్యే చూడు. చిన్నదానికి మాత్రం మీటరు ఎర్ర పిన్ను పెద్దదాని ప్లస్ మీద, నల్ల పిన్ను ఆ విడి కేబుల్ మీద పెట్టు. ఏజీఎం బ్యాటరీ, అంటే యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉండే మూసిన రకం, నిండుగా ఉంటే 12.8 దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12 కన్నా కిందుంటే ఇక దాన్ని నమ్మొద్దు. నీది కచ్చితంగా కిందే ఉంటుందని నా నమ్మకం. అయినా మీటరు చెప్పాకే డబ్బులు తియ్యి.

కొత్తది తెచ్చేటప్పుడు నీళ్ళు పోసే మామూలు రకం ఎవరైనా అంటగడితే వద్దను. అదే కొలత, అదే సీసీఏ (చలిలో స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంటు, బ్యాటరీ మీదే రాసి ఉంటుంది), ఏజీఎం రకమే కావాలి. అందని మూలలో యాసిడ్ కారితే అది ట్రేనీ వైర్లనీ తినేదాకా నీకు తెలీదు. తయారీ తేదీ చూడు. అంగడి అరలో ఏడాదిగా పడి ఉన్నదైతే తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక ఏజీఎం మోడ్ ఉన్న ఛార్జర్ మీద నిండుగా ఛార్జి చేసి, అప్పుడు బిగించు. అదే ఛార్జర్ మీద పెద్దదాన్ని కూడా ఒక రాత్రి ఉంచు. పాపం, కొత్తదైనా ఇన్నాళ్ళూ పక్కదాని బరువు మోసింది.

ఫ్యూజుల దగ్గర ఒక వైరు వేసి చిన్నదాన్ని పూర్తిగా పక్కన పెట్టేసే వాళ్ళున్నారు, నీకూ ఎవరో ఒకరు చెబుతారు. లంకమల అడవి పక్కన సిగ్నల్ లేని చోట బండి ఆగి, ఇల్లు చేరడానికి అంతకన్నా దారి లేకపోతే సరే. శాశ్వతంగా మాత్రం నాకు ఇష్టం లేదు. కంపెనీ ఒక లెక్కతో కట్టిన వైరింగ్‌లో మనం జొరబడితే రేపు ఇంకో లోపం వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో ఎవరికీ అర్థం కాదు.

ఇక పని. పైనుంచి కూడా తీయొచ్చు గానీ దానికి పెద్ద బ్యాటరీ, ఫ్యూజు పెట్టె, ట్రే అన్నీ కదిలించాలి. చక్రం వైపు నుంచి రావడమే మేలు. ఎండకు ముందే, పొద్దున ఆరింటికి మొదలుపెట్టు. 10, 13 సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, క్లిప్పులు పీకే పనిముట్టు, అయస్కాంతం ఉన్న కడ్డీ, పాత దుప్పటి దగ్గర పెట్టుకో. చేతికి ఉంగరం, కడియం, గొలుసుల గడియారం ఏమీ ఉండకూడదు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టు. ప్లస్‌కు, బాడీకి మధ్య స్పానర్ ఆనిందంటే వందల యాంపియర్లు పారతాయి. మధ్యలో ఉంగరం ఉంటే వేలు మిగలదు.

మీ ఇంటి వాకిలి అంతా నాపరాళ్ళే కదా. జాకీ సరాసరి రాయి మీద పెట్టకు. అతుకు పక్కన పెడితే రాయి పుటుక్కున విరిగి జాకీ ఒరుగుతుంది. కింద మందపాటి చెక్క పలక వెయ్యి. హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టు. చక్రం ఊడదీశాక బండి జాకీ మీద కాదు, స్టాండు మీద ఆనాలి. స్టాండు లేకుండా తొడుగు లోపలికి తల పెట్టొద్దు, నా మీద ఒట్టు.

తరువాత నల్ల కేబుళ్ళు. రెండూ విప్పాలి, ఒక్కటి విప్పితే చాలదు. ఒకటి ఉండిపోతే ఇంకో బ్యాటరీ ద్వారా బాడీలో కరెంటు ఉంటూనే ఉంటుంది, నువ్వేమో తీసేశాను కదా అన్న ధీమాతో స్పానర్ పెడతావు. విప్పిన రెండు కొసలకూ వేరువేరుగా గుడ్డ చుట్టు. ఒకదానికొకటి తగలకూడదు, బాడీకీ తగలకూడదు. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా పనిలో భయపడాల్సింది చాలా తక్కువ.

తొడుగు ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించి ఉంటుంది. మధ్యలో ఉన్న చిన్న మేకును ముందు పైకి లేపి, తర్వాత క్లిప్పు మొత్తం లాగాలి. మన ఎర్రమట్టి దుమ్ము అందులో దిగి బిగుసుకుపోయి ఉంటుంది. బ్రష్‌తో దులిపి, కాస్త నీళ్ళు చల్లి ఆగితే వదులవుతుంది. ఎండకు పెళుసెక్కినవి కొన్ని విరుగుతాయి, బాధపడకు, కొత్త క్లిప్పులు ఒక పొట్లం ముందే తెచ్చుకో. తొడుగు తీశాక లోపల టార్చి వేసి చూడు. చెనక్కాయ పంట ఇళ్ళకు చేరే రోజుల్లో ఎలుకలు ఇలాంటి వెచ్చటి మూలల్లోనే గూడు కడతాయి. పొట్టు, గుడ్డ పీలికలు కనిపిస్తే వైర్లన్నీ వేలితో తడిమి చూడు, ఎక్కడైనా రాగి తగులుతుందేమో.

చిన్న బ్యాటరీ ట్రేకి కింది నుంచి నట్లు ఉంటాయి. అన్నీ ఒకేసారి ఊడబీకొద్దు. ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రా. చివరి నట్టుకు వచ్చేసరికి ఎడమ అరచేయి ట్రే కింద ఆనించి ఉంచు, నట్టును వేళ్ళతోనే తిప్పు. ట్రే బరువు నీ చేతిలోకి దిగడం తెలుస్తుంది. అప్పుడు నిదానంగా కిందికి దించు. బ్యాటరీ కేబుళ్ళ మీద వేలాడకూడదు, అవి పొట్టివి, గుంజితే లోపల తెగుతాయి. టెర్మినళ్ళు చేతికి అందేంత దిగాక ఒక చేత్తో పట్టుకుని ముందు నల్లది, తర్వాత ఎర్రది విప్పు. విప్పిన ఎర్రదానికి కూడా గుడ్డ చుట్టు. గ్యాస్ పోయే గొట్టం ఉంటే అదెలా బిగించి ఉందో ఫోన్లో ఒక ఫొటో తీసుకో. తోడుగా మీ తమ్ముణ్ణి టార్చి పట్టుకుని నిలబడమను. చేతులు నాలుగుంటే ఈ పనిలో టెన్షన్ ఉండదు.

ట్రేలో మట్టి పేరుకుని ఉంటుంది, కడిగి ఆరబెట్టు. టెర్మినళ్ళ మీద తెల్లగా పొంగినట్టుంటే తినేసోడా నీళ్ళతో రుద్ది తుడువు. కొత్తది పెట్టేటప్పుడు ఎర్రది ముందు, నల్లది తర్వాత. బ్యాటరీ ట్రేలో కదలకుండా కూర్చుందో లేదో చేత్తో ఊపి చూడు. రాళ్ళబాటలో వదులుగా ఉన్న బ్యాటరీ అదురుకే పాడవుతుంది. పైన పెద్దదాని నల్ల కేబుళ్ళు రెండూ అన్నిటికంటే చివర బిగించు. అక్కడ మైనస్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టే పని చేయకు.

స్టార్ట్ చేశాక ఏవో లైట్లు వెలిగితే కంగారు పడకు. స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పి కొంచెం దూరం నడిపితే చాలావరకు ఆరిపోతాయి. అద్దాలు ఒక్క నొక్కుకు ఎక్కకపోతే పూర్తిగా ఎక్కించి బటన్ కాసేపు అలాగే పట్టుకో. ఇంజిన్ నడుస్తుండగా మీటరు పెడితే 14 వోల్టుల అటూ ఇటూ చూపించాలి. స్టార్ట్-స్టాప్ వెంటనే పనిచేయదు. బండిని తాళం వేసి రాత్రంతా కదిలించకుండా వదిలితే ఆ సెన్సార్ కొత్త బ్యాటరీని కొలుచుకుంటుంది. ఒకటి రెండు రోజులు చూసి, అప్పటికీ రాకపోతే నాకు చెప్పు.

పాత బ్యాటరీని తూకానికి కొనే వాళ్ళకు ఇవ్వకు. పెరట్లో పగలగొట్టి సీసం కరిగించే చోటికి చేరుతుంది అది, ఆ పొగ పీల్చే పిల్లల మెదడు పాడవుతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసినవి తిరిగి తీసుకుని సరిగ్గా రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న అంగట్లోనే ఇవ్వు, ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

ముందు మీటరు రీడింగులు రెండూ రాసి నాకు పంపు. అవి చూశాకే ఏ బ్యాటరీ తేవాలో చెబుతా. ఆదివారం పని పెట్టుకుంటే శనివారం రాత్రికే బ్యాటరీ బలం చూసే నా లోడ్ టెస్టర్, రెండు స్టాండ్లు తీసుకుని కడపకు వచ్చేస్తా. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామ