ముందు గొంతు విను

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. నాలుగో పేజీలో "అప్పటికి గ్రాఫిక్స్ ఎదగలేదు కాబట్టే ఈ సినిమాలు నవ్వించలేకపోయాయి" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. కోపం చల్లారాకే మళ్ళీ తీశాను. టీవీ కార్టూన్లని మనుషులతో కామెడీ సినిమాలుగా తీసి చేతులు కాల్చుకున్నవాళ్ళ సాకు అది. నిర్మాత అన్నాడంటే అర్థం ఉంది, డబ్బు పోయినవాడు ఏదో ఒకటి అంటాడు. రాసేవాళ్ళు ఆ మాట ఎత్తుకొచ్చి తమ అభిప్రాయంగా అచ్చుకి పంపితే ఎలా?

అదే పేజీలో ఇంకో మాట ఉంది. దాన్ని బ్రాకెట్లో పడేశావు. కళ్ళకి శుక్లాలొచ్చిన మీ అమ్మమ్మ టీవీకి వీపు పెట్టి కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తెలుగులో వస్తున్న కార్టూన్ వింటూ నవ్వేదని. బొమ్మ చూడని మనిషి నవ్విందంటే ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వు ఆ ప్రశ్న వేసుకుని ఉంటే పదిహేను పేజీల వ్యాసం వేరే దారిన నడిచేది. ఆ మాట దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

టీవీ కార్టూన్ ప్రాణం గొంతులో ఉంది. బొమ్మలో లేదు. నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఇదొక్కటే, మళ్ళీ చెబుతాను.

నువ్వు 'ది ఫ్లింట్‌స్టోన్స్' అనే రాతియుగపు కుటుంబం కార్టూన్ గురించి మూడు పేజీలు రాశావు గానీ ఆ బొమ్మలు అలా ఎందుకున్నాయో రాయలేదు. దాన్ని తీసిన హన్నా, బార్బెరా ఇద్దరూ అంతకుముందు ఎంజీఎం స్టూడియోలో టామ్ అండ్ జెర్రీ తీసినవాళ్ళు. అక్కడ మాటలు దాదాపు లేవు, అంతా కదలికే. ఆ కదలికకి బోలెడు డబ్బూ కాలమూ కావాలి. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. వీళ్ళు టీవీకి వచ్చారు, టీవీ ఇచ్చే డబ్బు అందులో చిన్న ముక్క. ఏం చేశారు? ఒళ్ళంతా కదపడం మానేసి తల ఒక్కటి కదిపారు. వాళ్ళ ఇంకో కార్టూన్‌లోని ఎలుగుబంటి యోగి బేర్ మెడకి కాలరూ టై ఎందుకున్నాయనుకున్నావ్? మెడ దగ్గర గీత కనబడకుండా ఉంటే ఒంటిని అలాగే ఉంచి తల మాత్రం మళ్ళీ గీస్తే సరిపోతుంది. ఫ్లింట్‌స్టోన్స్ కథానాయకుడు ఫ్రెడ్ ఇంట్లో పరిగెడితే అదే కిటికీ, అదే కుర్చీ మళ్ళీ మళ్ళీ వెనక్కి పోతుంటాయి. బగ్స్ బన్నీ కార్టూన్లు తీసిన చక్ జోన్స్ అంతటివాడు ఈ టీవీ కార్టూన్లని 'బొమ్మలు వేసిన రేడియో' అని తీసిపారేశాడు. ఆయన తిట్టుగా అన్నదాన్నే నేను నిజమైన లక్షణం అంటాను. 1960 నుంచి 1966 దాకా 166 భాగాలు ఆ రేడియో మీదే నడిచాయి.

ఎవరు నడిపారో చూడు. ఫ్రెడ్‌కి గొంతిచ్చిన అలన్ రీడ్, స్క్రిప్టులో 'యాహూ' అని ఉంటే తనంతట తనే 'యాబ్బా డాబ్బా డూ' అన్నాడు. ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది బొమ్మలు గీసినవాడు పెట్టింది కాదు, మైకు ముందు నిలబడ్డవాడు పెట్టింది. ఫ్రెడ్ స్నేహితుడు బార్నీకి గొంతిచ్చిన మెల్ బ్లాంక్ 1961లో కారు ప్రమాదంలో చావుదాకా వెళ్ళాడు. కొన్ని భాగాలకి డాస్ బట్లర్ ఆ గొంతు పలికాడు. తర్వాత ఒళ్ళంతా కట్టుతో పడుకున్న బ్లాంక్ మంచం దగ్గరికే మైకులు తెచ్చి రికార్డు చేశారు. గొంతు విలువ వాళ్ళకి అంతగా తెలుసు.

ఇప్పుడు ఆ కార్టూన్‌ని మనుషులతో తీసిన 1994 సినిమాకి రా. స్పీల్‌బర్గ్ అండ, బ్రయాన్ లెవాంట్ దర్శకత్వం, జాన్ గుడ్‌మన్ ఫ్రెడ్. ఊరంతా రాతితో కట్టారు, జిమ్ హెన్సన్ వాళ్ళ వర్క్‌షాప్ జంతువుల్ని తయారుచేసింది. కంటికి అన్నీ ఉన్నాయి. కథేమో ఆఫీసులో డబ్బు కాజేసే కుట్ర. ఆ స్క్రిప్టు మీద ఎంతమంది చేతులు పడ్డాయో హాలీవుడ్‌లో కథలుగా చెప్పుకున్నారు. అంతమంది రాస్తే ఎవరి గొంతూ మిగలదు. అందులో నాకు నిజంగా నవ్వొచ్చింది ఒక పక్షికి. ఆఫీసులో డిక్టేషన్ రాసుకునే డిక్టాబర్డ్. ఫ్రెడ్ ముందు కూర్చుని మాట్లాడుతుంది, అంతే. దానికి గొంతిచ్చిన హార్వీ కోర్మన్ పాత సీరియల్‌లో గజూ పాత్ర పలికినవాడే. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను. సినిమా 34 కోట్ల డాలర్లు తెచ్చిందని నువ్వు రాశావు, నిజమే. డబ్బు తెచ్చింది. ఇవాళ అందులో ఒక్క మాటైనా ఎవరైనా ఇంట్లో అనుకుంటున్నారా?

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను కార్టూన్లకి తెలుగు మాటలు రాసి బతికిన రోజులున్నాయి. మనుషుల సినిమాకి డబ్బింగ్ రాయాలంటే పెదాలు చూడాలి. తెర మీద పెదాలు కలిసిన చోట మనకి ప, బ, మ పడాలి, లేకపోతే మాట ఒక దారి, నోరు ఒక దారి. పాత టీవీ కార్టూన్‌లో ఆ బాధ తక్కువ. నోరు తెరుస్తుంది, మూస్తుంది, నాలుగైదు ఆకారాలు తిప్పితిప్పి వాడతారు. నిడివి సరిపోతే చాలు. దాంతో రాసేవాడికి స్వేచ్ఛ దొరుకుతుంది. గొణుగుడు కావాలంటే గొణుగుడు, దీర్ఘం కావాలంటే దీర్ఘం. ఒక పిరికి కుక్క పాత్రకి మాటకి ముందు చిన్న ఎక్కిళ్ళ లాంటి ఊపిరి రాశాను. ఆ గొంతు చెప్పిన కుర్రాడు దాన్ని పట్టుకుని మూడు భాగాలు నడిపించాడు. అప్పుడొచ్చాడు మా పైన ఉన్న పెద్దమనిషి. ఆయన పేరు రాయను. "ఏంటండీ ఈ ఊపిర్లు, నాలుగు పంచులు వెయ్యండి, హీరోల డైలాగులు దించండి" అన్నాడు. దించారు. కుక్క తొడగొట్టినట్టు మాట్లాడింది. అప్పుడు మొదలైన ఆ జబ్బు ఇప్పటికీ వదల్లేదు. తెలుగులోకి వచ్చే ప్రతి జంతువూ మన స్టార్ల మాటలే అంటుంది. విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇవన్నీ ఎందుకంటే, హాలీవుడ్ చేసిన పనీ అలాంటిదే. 'ఇన్‌స్పెక్టర్ గ్యాడ్జెట్' చూడు. 1983 నాటి కార్టూన్‌లో విలన్ డాక్టర్ క్లా ముఖం మనకి కనబడదు. కుర్చీ వీపు, ఇనుప తొడుగున్న చెయ్యి, పక్కన పిల్లి, ఆ గరగరమనే గొంతు. ఫ్రాంక్ వెల్కర్ గొంతది. మిగతాదంతా పిల్లల బుర్రలో తయారయ్యేది. 1999 సినిమాలో ఆ పాత్రకి రూపర్ట్ ఎవరెట్ ముఖం పెట్టారు. అందమైన ముఖం, మంచి నటుడు. ముఖం వచ్చిన క్షణమే క్లా పోయాడు. దానికి ఎంత గొప్ప గ్రాఫిక్స్ ఉంటే మాత్రం ఏం లాభం? నువ్వు ఆ సినిమా గురించి స్ప్రింగుల చేతులూ హెలికాప్టర్ టోపీ అంటూ రెండు పేరాలు రాశావు, క్లా పేరే ఎత్తలేదు. నీ వ్యాసంలో పెద్ద లోటు అదే.

విన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ దగ్గర ఆగు. 'జార్జ్ ఆఫ్ ది జంగిల్' పాత సీరియల్ 1967లో వచ్చింది, 17 భాగాలే. దాన్ని తీసిన జే వార్డ్ కార్టూన్లలో బొమ్మలు నాసిరకంగా ఉంటాయి, కథ చెప్పేవాడే రాజు. 1997 సినిమా తీసినవాళ్ళు ఆ కథకుణ్ణి వదల్లేదు. విలన్లు కథకుడితో పోట్లాటకి దిగుతారు, కథకుడు ఎదురు జవాబిస్తాడు. జార్జ్‌గా వేసిన బ్రెండన్ ఫ్రేజర్ చెట్టుకి గుద్దుకోవడం ఒకసారి నవ్విస్తుంది, రెండోసారి నవ్వించేది గుద్దుకోబోతున్నాడని హెచ్చరించే ఆ పాట. 2002 'స్కూబీ డూ' సంగతీ అంతే. కంప్యూటర్ కుక్కని నువ్వు మెచ్చుకున్నావు. నేను ఆ కుక్క స్నేహితుడు షాగీగా వేసిన మాథ్యూ లిల్లార్డ్‌ని మెచ్చుకుంటాను. షాగీ గొంతులో ఆ బొంగురూ, ఆ సాగదీతా, భయపడ్డప్పుడు చిట్లిపోయే తీరూ అతను ముందు విని నేర్చుకున్నాడు. తర్వాత ఏమైందో తెలుసా? పాత గొంతు కేసీ కేసమ్ తప్పుకున్నాక, 2010 నుంచి కార్టూన్ షాగీకే లిల్లార్డ్ గొంతిస్తున్నాడు. సినిమా నటుణ్ణి కార్టూన్ తిరిగి ఇంట్లోకి పిలుచుకుంది! నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

'రాకీ అండ్ బుల్‌వింకిల్' అనే జే వార్డ్ కార్టూన్ మీద తీసిన సినిమా చూపించి నన్ను ఎవరైనా నిలదీయొచ్చు. 2000లో వచ్చింది, రాకీకి జూన్ ఫోరే పాత గొంతే, కథకుడూ ఉన్నాడు, అయినా పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు. నా సమాధానం: టీవీలో మూడు నాలుగు నిమిషాల ముక్కగా విరిగిపడే మాటల ఆటని గంటన్నర సాగదీశారు, పైగా రాబర్ట్ డినీరో లాంటి ముఖాల్ని పక్కన నిలబెట్టి చూపు అటు లాగేశారు. అయినా ఆ సినిమా నాకిష్టం. కళ్ళు మూసుకుని ఒకసారి విను, చెవికి ఎంత పని పెడుతుందో తెలుస్తుంది.

చిన్న దిద్దుబాట్లు. మిస్టర్ మ్యాగూ టీవీలో పుట్టలేదు, 1949లో థియేటర్లలో వేసిన కార్టూన్లలో పుట్టాడు. పొపాయ్ 1929 నాటి పత్రికా కామిక్. రెండింటినీ టీవీ జాబితాలో కలపకు. మ్యాగూ ఉండాలంటే అతనికి గొంతిచ్చిన జిమ్ బాకస్ గొణుగుడు గురించి రాసి ఉంచు, లేకపోతే తీసెయ్.

వసూళ్ళ పట్టికా స్టార్ రేటింగులూ పెట్టావే, ఎవరు పెట్టమన్నారో ఊహించగలను. నాకూ ఒక వారపత్రిక సంపాదకుడు ఉండేవాడు. గొంతుల మీద రాసిన వ్యాసంలో సగం కోసేసి, "ఎవరికెంత వచ్చిందో బాక్సు కట్టండి, ఒక స్టిల్లు పెద్దగా వెయ్యండి" అన్నాడు. ఆ కోసిన సగంలోనే అసలు వ్యాసం ఉంది. ఇప్పుడు నీ చేత ముందే కోయించుకుంటున్నారు. ఆ పట్టిక తీసెయ్, అచ్చు కాకపోతే కాకపోయింది.

హైదరాబాదులో కూర్చుని రాస్తూ మన ఊళ్ళో పుట్టిన దాన్ని మర్చిపోయావు. ఛోటా భీమ్ ఇక్కడి గ్రీన్ గోల్డ్ వాళ్ళది, 2008లో టీవీకొచ్చాడు, 2024లో రాజీవ్ చిలక అదే భీమ్‌ని పిల్లనటులతో, అనుపమ్ ఖేర్‌తో సినిమాగా తీశాడు. అది సాహస కథ, నవ్వులాటే ముఖ్యం కాదు, నిజమే. అయినా బొమ్మ గొంతు అలవాటైన పిల్లలకి మనిషి గొంతు ఎలా వినిపించిందో కనుక్కో. మీ వీధిలోనే పిల్లలుంటారు, వెళ్ళి అడుగు.

పుస్తకం ఎవరు వేస్తారు, పేరు మార్చుకోవాలా అని అడిగావు. వాటికి తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మమ్మని బ్రాకెట్లోంచి బయటికి తీసుకొచ్చి మొదటి పేరాలో కూర్చోబెట్టు. ఏ పాత్రకి నవ్వేదో, ఏ మాట దగ్గర చెయ్యి ఆగేదో అడిగి రాసుకో. గ్రాఫిక్స్ వాక్యం కొట్టేసి రెండో ప్రతి పంపు, అక్షరాలు కొంచెం పెద్దవిగా పెట్టి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు