టేపు ఎక్కడ ఆగిందో

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

ప్రస్తుతం నిన్ను ఊపేస్తున్న ఆల్బంల గురించీ సంగీతకారుల గురించీ నెలనెలా స్నేహితులకు ఉత్తరాలు రాయబోతున్నావని మీ అమ్మ చెప్పగానే, నా పిచ్చికి వారసురాలు దొరికిందని పొంగిపోయాను. అదే పిచ్చితో నేను వెలగబెట్టిన నిర్వాకం గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఒక ఉత్తరానికి ఒక్క ఆల్బం చాలు. రికార్డింగు ఏ సంవత్సరానిదో రాయి. పక్కవాద్యం వాయించినవారి పేరు వదిలేస్తే మాత్రం నేను ఊరుకోను.

నీ వయసులో నన్ను 1967 నాటి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ పట్టుకుంది. అందులో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్, మాణిక్‌రావ్ పోపట్కర్ తబలా వాయించారు. ఒక కాపరి గడిపిన రోజును రాగాలతో చెప్పే ఆ ఆల్బం పొద్దుటి ఆహిర్ భైరవ్‌తో మొదలై పహాడీతో ముగుస్తుంది. దాన్ని తొంభై నిమిషాల క్యాసెట్లో ఒక వైపంతా ఎక్కించి, ఎక్కడెక్కడ పరవశించాలో నాలుగు పేజీలు రాసి జతచేసి, నా ప్రాణస్నేహితుడికి ఇచ్చాను. ఆపైన రోజూ “విన్నావా?” అని వాడి ప్రాణం తీశాను. వారం తర్వాత “చాలా బాగుంది” అంటూ తిరిగి ఇచ్చాడు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే, కుడి చక్రానికి టేపు గోరుమందం కూడా చుట్టుకోలేదు. నోరు మూసుకుని ఉండవలసింది. నలుగురి ముందూ దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించి, “నీ చెవులకు ఇది ఎక్కదులే” అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు, కానీ ఆ తర్వాత నా దగ్గర సంగీతం ఊసెత్తలేదు.

ఆ రోజుల్లో వాడు రాత్రుళ్లు గ్లెన్ గౌల్డ్ అనే పాశ్చాత్య సంగీతకారుడి పియానో తప్ప మరొకటి వినేవాడు కాదని ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. “నువ్వేం వింటున్నావురా?” అని నేను ఒక్కసారైనా అడిగితే కదా! చివరికి ఒంటరిగా కూర్చుని ఆ గౌల్డ్‌ను విన్నాను. స్వరకర్త బాఖ్ రాసిన ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ను ఆయన 1955లో, మళ్లీ 1981లో రికార్డు చేశాడు, మొదటిసారి రెండు నిమిషాల లోపే ముగిసిన ఆరియా అనే తొలి భాగానికి రెండోసారి మూడు నిమిషాలు తీసుకున్నాడు. వాయించినవాడే మనసు మార్చుకోగా, ఒక్క నెల విన్న నేను శాశ్వతమైన తీర్పులు చెప్పాను.

అందుకే ఉత్తరం మీద తేదీ వెయ్యి. “ఈ నెల నన్ను పట్టుకున్నది ఇది” అని రాయి; “ఇది నచ్చనివారికి చెవులు లేవు” అన్న వాక్యం కలం దాకా వస్తే, నా మీద ఒట్టు, కొట్టెయ్యి. చివరి అరపేజీలో వాళ్లేం వింటున్నారో అడుగు, వాళ్లు చెప్పినదాన్ని పూర్తిగా వినకుండా జవాబు రాయకు. కసురుతున్నానని అనుకోకు తల్లీ, నీకున్న స్నేహితుల్లో ఒక్కరు తగ్గినా నాకు బెంగే.

మొదటి ఉత్తరం నాకూ పంపు. చివరిదాకా వింటాను, విన్నానా అని మాత్రం అడగకు.

ఇట్లు,
మామయ్య