పొదుపు తీసి 500 బోర్డులకు విడిభాగాలు కొనవచ్చా?

ప్రశ్న: నేను పూర్తికాల ఉద్యోగిని. సాయంత్రాలు ఇంట్లోనే, గది ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే వైర్‌లెస్ బోర్డులు తయారుచేసి నెలకు 20 వరకు అమ్ముతున్నాను. ధరలో సగం లాభమే, కానీ చేతిలో డబ్బు నిలవడం లేదు. పొదుపు సొమ్ముతో ఒకేసారి 500 బోర్డులకు సరిపడా విడిభాగాలు కొంటే మేలా?

జవాబు: ఒక్కో భాగం ధర తగ్గే మాట నిజమే, అయినా ఆ పొదుపును ఇప్పుడు కదపవద్దని నా సలహా. నెలకు 20 చొప్పున 500 బోర్డులు అమ్ముడుపోవడానికి 25 నెలలు పడుతుంది. ఈలోగా డిజైన్‌లో ఒక్క మార్పు చేసినా పాత పీసీబీలన్నీ (భాగాలను టంకం వేసే ముద్రిత సర్క్యూట్ పలకలు) మూలన పడతాయి.

ముందుగా ఆ ‘సగం లాభం’ సంగతి చూద్దాం. అమ్మకం ధర 100 అనుకుంటే విడిభాగాలకు 50 పోతుంది. పెట్టె, రవాణాకు 10, అమ్మకపు వేదిక, చెల్లింపుల రుసుములకు 8, పాడై తిరిగివచ్చే వాటికి 4 వేసుకుంటే మిగిలేది 28. ఇవి నా ఊహ లెక్కలే కాబట్టి మీ అసలు అంకెలు వేసి చూసుకోండి. ఇక టంకం వేయడానికి 25 నిమిషాలు, పరీక్షించడానికి 10, పార్సిల్ కట్టి కొనుగోలుదారుల సందేహాలు తీర్చడానికి 15 పట్టాయనుకున్నా, 20 బోర్డులకు దాదాపు 17 గంటలు అవుతుంది. అంటే అన్ని సాయంత్రాల శ్రమకు మీకు దక్కేది అయిదారు బోర్డుల ధర మాత్రమే. దాన్ని మీ ఉద్యోగంలో గంటకు వచ్చే జీతంతో పోల్చి చూడండి. చాలా తక్కువగా తేలితే, సరుకు పెంచడానికి ముందు ధర పెంచడమో, టంకం పని బయటి అసెంబ్లీ వారికి అప్పగించడమో ఆలోచించాలి.

మిగిలిన ఆ 28 కూడా ఖాతాకు చేరకుండా విడిభాగాల రూపంలో డ్రాయర్లలోకి వెళ్తోందని నా అనుమానం. 5,000 రెసిస్టర్ల రీలు ఒకటి కొని, బోర్డుకు నాలుగు చొప్పున వాడితే అది 1,250 బోర్డులకు వస్తుంది. మీ వేగంతో అయిదేళ్లు దాటుతుంది. రెసిస్టర్లు చవక కనుక వాటితో చిక్కు లేదు. డబ్బును కట్టిపడేసేది వైర్‌లెస్ మాడ్యూల్, సెన్సర్ వంటి ఖరీదైన భాగాలే. అయితే 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు కొన్ని భాగాల కోసం ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వచ్చింది కాబట్టి, ప్రత్యామ్నాయం లేని ఒకటి రెండు భాగాలను మాత్రం ఆరు నెలలకు, అంటే 120 బోర్డులకు, సరిపడా కొని ఉంచుకోవడం సబబే. ఆ కొనుగోలు కూడా వ్యాపారం సంపాదించిన సొమ్ముతోనే జరగాలి. ఇంటి అత్యవసర నిధిని ఎంతమాత్రం ముట్టుకోవద్దు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నా దృష్టిలో అది వీటన్నిటికంటే ముఖ్యం. మీ ఉద్యోగ ఒప్పందాన్ని మరోసారి చదవండి. ఇతర వ్యాపకాలకు లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలన్న షరతు, మీరు రూపొందించినవి సంస్థకే చెందుతాయన్న షరతు చాలా ఒప్పందాలలో ఉంటాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పీసీబీ గీయడం, అక్కడి ఆసిల్లోస్కోప్‌తో (విద్యుత్ సంకేతాలను తెరపై చూపే పరికరం) పరీక్షించడం వంటివి చేస్తుంటే వెంటనే ఆపండి. ఇంటి వ్యాపారం కోసం జీతానికి ముప్పు తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ధ్రువీకరణ పొందిన వైర్‌లెస్ మాడ్యూల్ వాడితే రేడియో తరంగాల పరీక్షల ఖర్చు బాగా తగ్గుతుంది. అయినా పూర్తయిన వస్తువుకు మీరు అమ్మే దేశంలో ఏ నియమాలు వర్తిస్తాయో ముందే తెలుసుకోండి. లిథియం బ్యాటరీ పెట్టి పంపితే రవాణా నిబంధనలు కఠినంగా ఉంటాయి కనుక, వీలైతే బ్యాటరీ లేకుండానే అమ్మండి.

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి అమ్మకం నుంచి పన్నుకు కొంత పక్కన పెట్టండి. ఈ నెలాఖరున డ్రాయర్లు తెరిచి, మిగిలిన ప్రతి భాగాన్నీ కొన్న ధరతో రాసుకోండి. ఆ మొత్తం మీ మూడు నెలల అమ్మకాలను దాటితే, అది దిగేవరకు కొత్త ఆర్డరు పెట్టకండి.