రెఫ్యూజల్ వచ్చిందని కూర్చోకు, ట్రిబ్యునల్‌కి వెళ్లు

బాబూ,

ఆస్ట్రేలియాలో నీ ప్రొటెక్షన్ వీసా (సొంత దేశానికి తిరిగి వెళ్తే హాని ఉన్నవాళ్లకి ఇచ్చేది) రెఫ్యూజ్ అయిందని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ముందు ఆ ఈమెయిల్ ఏ తేదీన వచ్చిందో చూడు. నువ్వు చదివిన రోజు కాదు, వాళ్లు పంపిన రోజే లెక్క. 28 రోజుల్లోగా అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌లో అప్లై చెయ్యాలి (వీసా నిర్ణయాల్ని మళ్లీ పరిశీలించేది ఇదే, 2024 అక్టోబర్‌లో పాత అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్‌ని తీసేసి పెట్టారు). గడువు దాటితే ఎంత బతిమాలినా పెంచరు, ఆ అధికారమే వాళ్లకి లేదు. ముందుగా ఫీజు అడగరు, ఓడిపోతే అప్పుడు కట్టాలి. డబ్బుల కోసం మాత్రం ఆగకు.

నేను ఈ హియరింగుల్లో ఏళ్ల తరబడి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా, వీసా కాదన్న డిపార్ట్‌మెంట్ ఆఫీసర్ తప్పు చేశాడని వాదించడం మీద నీ బలమంతా పెట్టకు. ట్రిబ్యునల్ మెంబర్ కేసుని మళ్లీ మొదటి నుంచి చూస్తారు, ఇవాళ నువ్వు ఇండియా తిరిగి వెళ్తే ఏం జరుగుతుందనేదే ప్రశ్న. హాని జరిగే అవకాశం సగానికన్నా తక్కువున్నా, అది ఉత్త ఊహ కాకుండా నిజమైన అవకాశమైతే చాలని 1989లో చాన్ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు (ఇక్కడ అన్నిటికన్నా పెద్ద కోర్టు) తేల్చింది.

మనవాళ్ల కేసులు ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటాయంటే, "మీ ఊళ్లో మీ మావగారివాళ్లు చంపుతామన్నారు సరే, మీరిద్దరూ బెంగళూరులోనో పుణెలోనో ఉంటే వాళ్లకెలా తెలుస్తుంది?" అని అడిగినప్పుడు. దీనికి జవాబు ఇప్పట్నుంచే ఆలోచించుకో. హైదరాబాద్‌లో రూమ్ మారినా వాళ్లు వెతుక్కుంటూ వచ్చారని అమ్మాయి చెప్పింది కదా, అదెలా జరిగింది, ఎవరు అడ్రస్ ఇచ్చారు, నెల ఏది? పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎస్సై ఏమన్నాడు, కంప్లైంట్ తీసుకున్నాడా లేక పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి రాజీ చేసుకోమని పంపేశాడా? "పోలీసులు పట్టించుకోలేదు" అని ఒక్క ముక్కలో చెబితే సరిపోదు.

మొదటి అప్లికేషన్‌లో లేని విషయం ఇప్పుడు చెప్పాలంటే, అప్పుడెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. సరైన కారణం లేకపోతే నీ మాట మీద నమ్మకం తగ్గించుకోవాలని చట్టమే వాళ్లకి చెప్తుంది. భయం వల్లో సిగ్గు వల్లో చెప్పలేదా, ఉన్నదున్నట్టు చెప్పు. కేసు బలంగా ఉంటుందని ఎవరైనా ఏజెంట్ కొత్త కథ అల్లిస్తే మాత్రం ఆ గడప మళ్లీ తొక్కకు, దానివల్ల నీ నిజం కూడా అబద్ధమైపోతుంది. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటో లాయరో అయితేనే వెళ్లు. మెల్‌బోర్న్‌లో శరణార్థులకి న్యాయసాయం చేసే రెఫ్యూజీ లీగల్ సంస్థవాళ్లని కూడా అడిగి చూడు.

హియరింగ్‌కి బయటివాళ్లని రానివ్వరు. తీర్పు ప్రచురించినా పేర్లు తీసేస్తారు, ఊళ్లో తెలిసిపోతుందని భయపడి సగం మింగెయ్యొద్దు. ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే ఉచితంగా పెడతారు. ఇంగ్లిష్ వచ్చుకదా అని మొహమాటపడకుండా తెలుగులోనే చెప్పు, అనువాదం తేడాగా అనిపిస్తే అక్కడికక్కడే ఆపి చెప్పు.

ఇక్కడ ఓడిపోతే 35 రోజుల్లో ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకి వెళ్లొచ్చు గానీ అక్కడ చూసేది చట్టపరమైన తప్పు జరిగిందా అనే, నీ కథ మళ్లీ వినరు. అందుకే ఉన్నదంతా ట్రిబ్యునల్ ముందే పెట్టాలి.

రెఫ్యూజల్ లెటర్, పెళ్లి సర్టిఫికెట్, ఆ బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్‌లు ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం మీ ఇద్దరూ ఇంటికి రండి, తేదీలన్నీ వరుసగా రాసుకుందాం.