టెక్ సందేహాలు: టోల్ బాకీ అంటూ వచ్చిన లింకును నొక్కకండి

బ్రిటన్‌లో బడులకు వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే అక్కడి తెలుగు కుటుంబాల నుంచి వచ్చే ప్రశ్నలన్నీ ఒకే దారి పడతాయి. సొంత కారు, డోవర్ నుంచో పోర్ట్స్‌మత్ నుంచో ఫెర్రీ, అవతలి ఒడ్డున ఫ్రాన్స్‌లోని నార్మండీ, బ్రిటనీ తీరాల్లో ఓ వారం. ఏ ఊరు చూడాలో, ఎక్కడ తినాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఈ ప్రయాణంలో ఫోనూ కారూ తెచ్చిపెట్టే చిక్కుల గురించి వచ్చిన ప్రశ్నలనే ఈసారి తీసుకుంటున్నాను.

ఫ్రాన్స్ రేవు కాలేలో ఫెర్రీ దిగి సెయింట్ మాలో అనే ఊరికి వెళ్లి వచ్చాం. రువాన్ నగరం దాటాక హైవే మీద ఎక్కడా టోల్ గేటు కనిపించలేదు. ఇంటికొచ్చాక "మీ టోల్ బాకీ ఉంది, ఈ రోజే కట్టకపోతే జరిమానా" అని మెసేజ్ వచ్చింది. కట్టేయమంటారా? — రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు

బాకీ నిజమే అయి ఉండొచ్చు. మెసేజ్ మాత్రం దొంగది. ఈ రెంటినీ విడదీసి చూడండి.

నార్మండీ మీదుగా పోయే ఏ13 హైవేలో టోల్ గేట్లను 2024లో ఎత్తేశారు. ఇప్పుడు రోడ్డుకు అడ్డంగా పైన బిగించిన కెమెరాలు కారు నంబరు ప్లేటును చదువుతాయి. ఆ తర్వాత 72 గంటల్లోగా మనమే వెళ్లి డబ్బు కట్టాలి. ఆగమనే గేటు లేదు, చేతికిచ్చే టికెట్ లేదు, దారి పక్కన ఒక బోర్డు ఉంటుంది, అంతే. పొరుగు దేశం నుంచి వచ్చి, అలవాటు లేని కుడివైపు నడుపుతున్న మనిషి గంటకు 130 కిలోమీటర్ల వేగంలో ఆ బోర్డు చదివి గుర్తుపెట్టుకుంటాడని అనుకోవడం నిర్లక్ష్యపు డిజైన్. దొంగలకు చోటు దొరికింది ఇక్కడే. వేలమంది మనసులో "కట్టానా, లేదా?" అన్న గుబులు ఉంటుంది. దాని మీదే వాళ్లు వల వేస్తారు.

ఒక్క సంగతి ఆలోచించండి. కెమెరాకు తెలిసింది మీ కారు నంబరు. మీ ఫోన్ నంబరు దానికి తెలిసే దారి లేదు. టోల్ సంస్థ దగ్గర మీరుగా ఖాతా తెరిచి ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే తప్ప, వాళ్లు మీకు మెసేజ్ పంపలేరు. ఆ మెసేజ్ పంపినవాడికి మీరు ఫ్రాన్స్ వెళ్లారని కూడా తెలియకపోవచ్చు. లక్షమందికి పంపితే అందులో కొందరు ఆ దారిన వెళ్లినవాళ్లే ఉంటారు.

కట్టడానికి బ్రౌజర్‌లో ఆ టోల్ సంస్థ సైటు సానెఫ్ డాట్ కామ్ (sanef.com) అని మీ చేత్తో టైప్ చేసి, కారు నంబరు కొట్టి చూడండి. బాకీ ఉంటే అక్కడే కనిపిస్తుంది. గడువు దాటిపోయిందని వదిలేయకండి, అదనపు రుసుము పెరుగుతూ 375 యూరోల దాకా పోతుంది. ఇంకా ఫ్రాన్స్‌లోనే ఉన్నవాళ్లకు కార్డు వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వడం ఇష్టం లేకపోతే, నీరియో అనే చెల్లింపు సేవ గుర్తు ఉన్న పొగాకు దుకాణంలో నగదుగా కట్టే వీలుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఆ దారే.

నాకు ఎక్కువ భయం వేసేది పోయే డబ్బు గురించి కాదు. ఆ దొంగ పేజీలో మీరు నింపేది ఏమిటో చూడండి: కారు నంబరు, పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, కార్డు వివరాలు. మొదట పోయేది చిన్న మొత్తమే. నాలుగు రోజులాగి "మీ బ్యాంకు నుంచి" అని ఫోన్ వస్తుంది. అవతలి గొంతు మీ కారు నంబరు చెబుతుంది, మీరు టోల్ కట్టిన తేదీ చెబుతుంది. ఇన్ని వివరాలు తెలిసినవాడు బ్యాంకువాడే అయి ఉంటాడని నమ్మి, ఓటీపీ చదివి వినిపిస్తారు. ఖాతా ఖాళీ అయ్యేది అప్పుడు. ఇప్పటికే వివరాలు ఇచ్చేసినవాళ్లు ఈ క్షణమే కార్డును బ్లాక్ చేయించండి. బ్రిటన్‌లో 159కి ఫోన్ చేస్తే మీ బ్యాంకుకు కలుపుతారు. ఆ మెసేజ్‌ను దొంగ మెసేజ్‌ల ఫిర్యాదు నంబరు 7726కు ఫార్వర్డ్ చేయండి.

ఇదే వల ఈ ప్రయాణం పొడవునా పరిచి ఉంది. కొన్ని నగరాల కాలుష్య నియంత్రణ ప్రాంతాల కోసం కారు అద్దానికి అతికించే క్రిట్ ఎయిర్ స్టిక్కర్ అసలు సైట్లో తపాలా ఖర్చుతో కలిపి ఐదు యూరోలకు అటూ ఇటూ. నకిలీ సైట్లు దానికి ఎన్నో రెట్లు వసూలు చేస్తాయి. 2025 అక్టోబరు 12న మొదలైన, బయటి దేశాలవాళ్ల రాకపోకలను నమోదు చేసే యూరప్ ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌లో నమోదుకు పైసా కట్టనక్కర్లేదు, సరిహద్దు దగ్గరే చేస్తారు. "ముందస్తు రిజిస్ట్రేషన్ ఫీజు" అని అడిగినవాడు దొంగే. వీసా అక్కర్లేని దేశాల పౌరుల కోసం తెస్తున్న ఎటియాస్ అనే ముందస్తు ప్రయాణ అనుమతి రుసుము 20 యూరోలు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అదీ లేదు. తల్లిదండ్రులకు భారతీయ పాస్‌పోర్టు, పిల్లలకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న ఇళ్లలో దీని గురించి చాలా గందరగోళం చూస్తున్నాను. భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసానే కావాలి, దాని బదులు ఎటియాస్ పనికిరాదు. పనికొస్తుందని డబ్బు తీసుకునే సైటు మిమ్మల్ని డోవర్‌లో రోడ్డున పడేస్తుంది.

ఇక్కడ సెర్చ్ ఇంజిన్ల మీద నా కోపం చెప్పకుండా ముందుకు పోలేను. ప్రభుత్వ సేవ కోసం వెతికినప్పుడు అసలు సైటు కంటే పైన, డబ్బు కట్టి చోటు కొనుక్కున్న దళారీ సైటు కనిపించవచ్చు. పక్కన "ప్రకటన" అన్న మాట కళ్లజోడు పెట్టుకున్నా ఆనదు. పాస్‌పోర్టు, వీసా, టోల్, జరిమానా వంటి మాటలు కొట్టినప్పుడు ప్రకటనలే చూపించకపోతే వాళ్లకు పోయే ఆదాయం ఎంత? అది పోగొట్టుకోవడం ఇష్టం లేక మన ఇళ్లను పణంగా పెడుతున్నారు. వాళ్లు మారేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. బయల్దేరే వారం ముందు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని, అసలు సైట్లన్నీ బుక్‌మార్క్ చేసుకోండి. ఫ్రెంచి ప్రభుత్వ సైటు చిరునామా మామూలుగా జి‑ఓ‑యు‑వి డాట్ ఎఫ్‌ఆర్‌తో ముగుస్తుంది. రోడ్డు మీద, పిల్లలు వెనక సీట్లో గోల చేస్తుండగా మాత్రం సెర్చ్ చేయకండి.

నాది ఈ‑వీసా. తిరుగు ప్రయాణంలో కాలేలో ఏం చూపించాలి? అక్కడి సిమ్ వేసుకుంటే ఇబ్బంది ఉంటుందా? — లెస్టర్ నుంచి

రెండు ప్రశ్నలకూ ముడి ఉంది, మంచి పని చేశారు కలిపి అడిగి. బయల్దేరే ముందే బ్రిటన్ వీసా విభాగం యూకేవీఐలోని మీ ఖాతాలోకి వెళ్లి, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పాస్‌పోర్టు నంబరే అక్కడ ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని ఖాతాలో మార్చనివాళ్లే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటున్నారు. మీ వీసా హోదాను ఇతరులు చూడటానికి పనికొచ్చే షేర్ కోడ్ తీసి కాగితం మీద రాసుకోండి, 90 రోజులు చెల్లుతుంది.

ఆ ఖాతా తెరవాలంటే ఫోనుకో ఈమెయిల్‌కో కోడ్ వస్తుంది. బ్యాంకు ఓటీపీ కూడా బ్రిటన్ నంబరుకే వస్తుంది. ఆ సిమ్ తీసి పర్సులో పెట్టుకుంటే అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుపోతాయి. డేటాకు ఈ‑సిమ్ వేసుకోండి. పాత సిమ్‌ను ఫోన్లోనే ఉంచి, దానికి డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి.

ఫెర్రీలో రాత్రి పడుకుని లేచేసరికి మొబైల్ బిల్లు మోత మోగింది. ఫ్రాన్స్ ప్యాక్ వేసుకున్నాం కదా!

నడిసముద్రం ఫ్రాన్స్ కాదు. తీరం దాటాక ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కు ఫోన్ తనంతట తాను కలుస్తుంది, దానికి మీ ప్యాక్ వర్తించదు. డోవర్–కాలే గంటన్నర ప్రయాణమే కాబట్టి గండం తొందరగా గడుస్తుంది. పోర్ట్స్‌మత్ నుంచి సెయింట్ మాలో రాత్రంతా పడుతుంది, మీరు నిద్రపోతుంటే ఫోటోలు బ్యాకప్ అవుతూ ఉంటాయి. ఓడ ఎక్కగానే ఇంటిల్లిపాదీ ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, పిల్లల ట్యాబ్ మరిచిపోకుండా.

కార్ డెక్‌లో మా కారు అలారం ఆగకుండా మోగిందట. పైగా ఫోనే తాళం కావడంతో దిగేటప్పుడు తలుపు తెరుచుకోలేదు.

ఓడ ఊగితే కారును ఎవరో కదిలిస్తున్నారని సెన్సర్ అనుకుంటుంది. దాన్ని ఆపే వీలు చాలా కార్లలో ఉంది, కానీ స్క్రీన్‌లో నాలుగు మెనూల అడుగున దాచారు. హెడ్‌లైట్లను కుడివైపు డ్రైవింగ్‌కు మార్చే సెట్టింగూ అక్కడే ఎక్కడో ఉంటుంది. ఒకప్పుడు మీటతో అయ్యే పనిని ఇలా పాతిపెట్టడం ఆధునికత ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఓడ కదిలాక డెక్ మీదకు రానివ్వరు కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోండి. ఆ ఇనుప డెక్ లోపల సిగ్నల్ ఉండదు, ఇంటర్నెట్ మీద ఆధారపడే యాప్ అక్కడ పనిచేయదు. అసలు తాళమో కార్డో జేబులో ఉండాలి.

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని నుఆర్ముతియే దీవికి మ్యాప్ రెండు దారులు చూపిస్తోంది. దగ్గరిది ఎంచుకోవచ్చా?

ఆ దగ్గరి దారి పేరు పసాజ్ దు గ్వా. నాలుగు కిలోమీటర్లకు పైగా ఉండే ఆ రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. సముద్రం పూర్తిగా వెనక్కి తగ్గిన సమయానికి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకే దాటాలి. ఆ వేళలు రోజూ మారతాయి, దారి మొదట్లో బోర్డు మీద రాసి ఉంటాయి. నావిగేషన్ యాప్ వాటిని లెక్కలోకి తీసుకుంటుందని నమ్మకండి. చూడాలనిపిస్తే వేళ చూసుకుని వెళ్లండి, లేదంటే 1971 నుంచీ వంతెన ఉంది.

ఆ యాప్‌లోనే ఇంకో పని. ఫ్రాన్స్‌లో స్పీడ్ కెమెరాలు ఎక్కడున్నాయో చూపించే హెచ్చరికలు చట్టవిరుద్ధం, జరిమానా 1500 యూరోల వరకు పడొచ్చు. ఫెర్రీ దిగే ముందే వాటిని ఆపేసి, వేగాన్ని మైళ్ల నుంచి కిలోమీటర్లకు మార్చుకోండి.