పొలార్డ్ కథ 1921లో ముగియదు

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫ్రిట్జ్ పొలార్డ్ జీవితకథ చదివాను. పక్కన పెన్సిలుతో గీతలు పెట్టిన ప్రతి వేరే కవరులో వస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన మనిషి గురించి తెలుగులో ఎవరు చదువుతారని నిన్ను ఎవరో నిరుత్సాహపరిచారని రాశావు. ఆ మాట పట్టించుకోకు. పొలార్డ్ అనగానే మనవాళ్లకు వెస్టిండీస్ క్రికెటర్ గుర్తొస్తాడు గనక ఇతను వేరే పొలార్డ్ అని ఆరంభంలోనే తేల్చెయ్యి, చాలు. కథలో పస ఉంటే చదువుతారు. పస ఉంది కూడా. నువ్వే దాన్ని సగంలో ఆపేశావు. అదే నా ఫిర్యాదు.

నీ మొదటి పేజీ నిండా ‘తొలి’ బిరుదులే. తొలి నల్లజాతి వృత్తి ఆటగాడు, తొలి నల్లజాతి ఆల్-అమెరికన్ (ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాళ్ల జట్టుకు ఎంపికైనవాడు), తొలి నల్లజాతి కోచ్. ఇవన్నీ ఎక్కడి నుంచి తెచ్చావో గాని మొదటి రెండూ నిలవవు. డబ్బు తీసుకుని ఆడిన నల్లవాళ్లలో చార్లెస్ ఫోలిస్ ముందున్నాడు. ఒహాయో రాష్ట్రంలోని షెల్బీ జట్టు అతనితో 1904లోనే ఒప్పందం రాయించుకుంది. ఆల్-అమెరికన్ గౌరవం హార్వర్డ్‌లో ఆడిన విలియం హెన్రీ లూయిస్‌కు 1892లోనే దక్కింది. పోనీ, ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారిన వృత్తి ఆటగాళ్ల లీగు వరకే చూద్దామన్నా, 1920లో పొలార్డ్ ఒహాయోలోని ఆక్రన్ ఊరి జట్టుకు ఆడుతుంటే బాబీ మార్షల్ రాక్ ఐలాండ్ జట్టులో ఉన్నాడు. ఇద్దరూ ఒకే సీజన్‌లో వచ్చారు. పొలార్డ్‌కు మిగిలేవి ఇవి: 1916 జనవరి 1న పాసడీనాలో, ఇప్పుడు రోజ్ బౌల్ అని పిలిచే పోటీలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు, ఆట పెద్ద వాల్టర్ క్యాంప్ ఎంచిన ఆల్-అమెరికన్ జట్టులో బంతి పట్టుకుని పరుగెత్తే వరసలో చోటు దొరికిన మొదటి నల్లజాతివాడు, 1921లో ఆక్రన్ సహ కోచ్. ఇవేమీ చిన్నవి కావు. లేనివి అంటగడితే ఉన్నవాటిని కూడా జనం అనుమానిస్తారు.

‘సహ కోచ్’ అన్నానని నొచ్చుకోకు. ఆ ఏడు ఎల్జీ టోబిన్ అనే తెల్లజాతి ఆటగాడు కూడా కోచే. టోబిన్ పేరు ఒక్కటే కనిపించే జాబితాలున్నాయి. పొలార్డ్ మాత్రం వయసు మళ్లాక, జట్టును నడిపింది తానేనని చెప్పుకొచ్చాడు. నువ్వు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశావు. రెండూ పక్కపక్కనే పెట్టు. ఒక మనిషి చేసిన పనిని కాగితం మీద ఎవరి పేరున రాశారన్నదే ఈ జీవితంలో అసలు సంగతి. పాఠకుడు ఆ రెండు వాక్యాల మధ్య కాసేపు తచ్చాడనీ. తీర్పు నువ్వు ఇవ్వకు.

బాల్యం మీద మూడు పేజీలు రాశావు, అందులో సగం పూలమాలలే. 1894 జనవరి 27, షికాగోలోని రోజర్స్ పార్క్, తండ్రి క్షురకుడు, తల్లి దర్జీ పని చేసేది. అతని అసలు పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పొలార్డ్. బానిసత్వం నుంచి తప్పించుకుని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరు పెట్టుకున్నారు, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ‘ఫ్రిట్జ్’ అనే ముద్దుపేరు జర్మన్ మాట్లాడే ఇరుగుపొరుగు నుంచి వచ్చింది. ఆ ఇంటి ఆశ, ఆ వీధి వాతావరణం ఈ రెండు పేర్లలోనే ఉన్నాయి. నీ ‘నిప్పు కణిక’, ‘ఉదయభానుడు’ వగైరా కొట్టేశాను.

ఇప్పుడు ఆట. దీన్ని నువ్వు పూర్తిగా ఎగ్గొట్టావు. ‘అద్భుతంగా ఆడాడు’ అంటే పాఠకుడికి ఏం తెలుస్తుంది? నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లకు ఇవ్వాలి అన్న ఒక్క ముక్క చెబితే మిగతాది అర్థమవుతుంది. పొలార్డ్ పని ఆ బంతిని పొట్టకు అదుముకుని గుంపులోంచి దూసుకుపోవడం. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 75 కిలోలు. అప్పట్లో దాడికి, కాపుదలకు వేరు వేరు మనుషులు లేరు, ఉన్న పదకొండుమందే రెండూ చేసేవారు. తలకు తోలు టోపీ, అదీ తప్పనిసరి కాదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీద అందరూ పడ్డట్టు, కిందపడ్డాక కూడా పొలార్డ్ మీద కావాలని దూకేవారు. ఎందుకు దూకేవారో చెప్పనక్కర్లేదు. అందుకని అతను పడీపడగానే వెల్లకిలా తిరిగి, మేకులున్న బూట్లతో కాళ్లు రెండూ పైకెత్తి ఆడించేవాడు. దూకాలనుకున్నవాడు ఒక క్షణం ఆలోచించుకునేవాడు. జాతి వివక్ష మీద నువ్వు రాసిన పేజీన్నర ఉపన్యాసం చేయలేని పని ఈ ఒక్క కదలిక చేస్తుంది. అది నీ ప్రతిలో ఎక్కడా లేదు, ఆశ్చర్యం!

ఓటములూ రాయి. 1916 నాటి ఆ పాసడీనా పోటీలో పొలార్డ్ చదివిన బ్రౌన్ విశ్వవిద్యాలయం వాషింగ్టన్ స్టేట్ చేతిలో 14-0తో ఓడింది. వాన, బురద, కాలు నిలవని మైదానం. పరుగే ఆయుధమైనవాడికి అంతకంటే చెడ్డ రోజు ఉండదు. నువ్వేమో ‘చరిత్ర సృష్టించిన రోజు’ అని రాసి స్కోరు దాచావు. అదే ఏడాది నవంబరులో వరస వారాల్లో యేల్‌ను 21-6తో, హార్వర్డ్‌ను 21-0తో బ్రౌన్ ఓడించింది. ఆ రెంటినీ ఒకే సీజన్‌లో ఓడించడం ఆ కాలంలో మామూలు సంగతి కాదు. ఆ వెంటనే కోల్గేట్ చేతిలో 28-0తో చిత్తయింది. ఈ మూడు వారాలనూ కలిపి రాస్తే అధ్యాయం దానంతట అదే నడుస్తుంది.

ఆక్రన్ దగ్గర ఇంకా నిదానించు. నువ్వు ‘పారిశ్రామిక పట్టణం’ అని దాటేశావు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ టైర్ల కర్మాగారాలన్నీ ఉన్న ఊరు అది. వాటిలో పనికి దక్షిణాది రాష్ట్రాల నుంచి తెల్లజాతి కూలీలు వేలల్లో వచ్చారు, వస్తూ వస్తూ తమ అలవాట్లూ తెచ్చారు. సొంత మైదానంలో సొంత జట్టు ఆటగాణ్నే జనం తిట్టేవారంటే కారణం అక్కడుంది. మిగతావాళ్లతో కలిసి బట్టలు మార్చుకునే వీలు లేక, జట్టు యజమాని ఫ్రాంక్ నీడ్ చుట్టల దుకాణంలో దుస్తులు వేసుకుని, ఆట మొదలయ్యే వేళకు కారులో మైదానానికి వెళ్లేవాణ్నని పొలార్డ్ తర్వాత చెప్పాడు. పొగాకు వాసన మధ్య ఒంటరిగా బూట్లు కట్టుకుంటున్న మనిషిని నాకు చూపించు. ‘అవమానాలను దిగమింగి’ అన్న మాట అప్పుడు అక్కర్లేదు.

లీగు పుట్టుక కూడా నువ్వు రాసినంత గంభీరమైన సంగతేమీ కాదు. 1920 సెప్టెంబరు 17న కాంటన్ పట్టణంలో రాల్ఫ్ హే అనే ఆసామి కార్ల షోరూములో జరిగిన సమావేశం అది. ఆ మొదటి సీజన్‌లో ఆక్రన్ 8 గెలిచింది, 3 సమంగా ముగించింది, ఒక్కటీ ఓడలేదు. మొత్తం సీజన్‌లో ప్రత్యర్థులకు ఇచ్చింది 7 పాయింట్లే. ఆఖరి ఆట డిసెంబరు 12న షికాగోలో, జార్జ్ హాలస్ నడిపిన డికేటర్ జట్టుతో 0-0. ఇక విజేత ఎవరు? ఫైనల్ అనేదే లేదు. మరుసటి ఏడు ఏప్రిల్ 30న జట్ల యజమానులు కూర్చుని ఆక్రన్ అని తేల్చారు. నాకు ఈ గందరగోళమంటే ఇష్టం. నియమాలు గట్టిపడని చోట పొలార్డ్ లాంటివాడికి సందు దొరికింది. గట్టిపడేకొద్దీ సందు మూసుకుపోయింది. నీ పుస్తకానికి వెన్నెముక కాగల ఆలోచన ఇదని నాకు అనిపిస్తోంది. కాదనుకుంటే వాదించు.

పాల్ రోబ్సన్ విషయంలో జాగ్రత్త. కొలంబియాలో న్యాయశాస్త్రం చదువుకుంటూ అతను 1921లో ఆక్రన్‌కు, 1922లో పొలార్డ్‌తో పాటు మిల్వాకీకి ఆడాడు. గాయకుడిగా మన పాఠకులకు అతని పేరు తెలుసు గనక నువ్వు అతని మీద నాలుగు పేజీలు ఒలకబోశావు. పొలార్డ్ సొంత కథలో వెనక వరసకు పోయాడు. ఒక్క పేరా ఉంచు. రోబ్సన్ బదులు జే మేయో విలియమ్స్‌ను తీసుకురా. బ్రౌన్‌లో పొలార్డ్ సహచరుడు, హామండ్ జట్టులో తోడు, తర్వాత నల్లజాతి బ్లూస్ గాయకుల పాటలను రికార్డులకెక్కించిన మనిషి. ఆ తరం ఎన్ని దారుల్లో బతుకు వెతుక్కుందో అతను చెబుతాడు.

అసలు చిక్కు 1926 తర్వాత మొదలవుతుంది. నీ కథ అక్కడికి రానేలేదు. మిల్వాకీ, హామండ్, పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతంలోని గిల్బర్టన్, ప్రావిడెన్స్ తిరిగి పొలార్డ్ మళ్లీ ఆక్రన్ చేరాడు. 1926తో లీగులో అతని ఆట ముగిసింది. ఆ ఏడు లీగులో 22 జట్లు, మరుసటి ఏడుకు 12. చిన్న ఊళ్ల జట్లు రాలిపోయాయి, నల్లవాళ్లకు చోటిచ్చినవి చాలావరకు అవే. 1920 నుంచి 1933 దాకా లీగులో ఆడిన నల్లజాతివాళ్లు మొత్తం 13 మంది. 1933లో జో లిలార్డ్, రే కెంప్ ఇద్దరే మిగిలారు. 1934 నుంచి 1945 దాకా ఒక్కడూ లేడు. నిషేధిస్తున్నామని రాసిన కాగితం ఏదీ లేదు. అలాంటి ఒప్పందమేదీ లేదని లీగు పెద్దల్లో ఒకడైన హాలస్ తర్వాత కూడా అన్నాడు. తనను బయటికి నెట్టడంలో హాలస్ చెయ్యి ఉందని పొలార్డ్ చివరిదాకా నమ్మాడు.

కాగితం లేని దాన్ని ఎలా రాయాలని అడుగుతావు. ఏడాదిని, ఆ ఏడాది లీగులో ఉన్న నల్లజాతివాళ్ల సంఖ్యను పక్కపక్కన రాయి. పన్నెండు సున్నాలు వరసగా కనిపిస్తే కుట్ర అన్న మాట నువ్వు వాడనక్కర్లేదు. తలుపు తెరుచుకున్న తీరు కూడా చెప్పు. 1946లో రామ్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారినప్పుడు, కొలీసియం స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టింది గనక నల్లవాళ్లను కాదనే జట్టుకు ఎలా ఇస్తారని హాలీ హార్డింగ్ లాంటి నల్లజాతి పత్రికా విలేఖరులు నిలదీశారు. నల్లజాతి ఆటగాడు కెన్నీ వాషింగ్టన్‌ను తీసుకోక తప్పలేదు. ఎవరి మనసో మారిందని రాయకు. వాషింగ్టన్ నగర జట్టు 1962 దాకా నల్లవాళ్లను తీసుకోలేదు. పొలార్డ్ తర్వాత మరో నల్లజాతి హెడ్ కోచ్ రావడానికి 1989 దాకా పట్టింది. అతను ఆర్ట్ షెల్. నీ ‘తొలి’కి బరువు ఇచ్చేది ఈ 68 ఏళ్లే.

ఒక సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. ‘మన దేశంలో కులం కూడా ఇలాగే’ అంటూ రాసిన రెండు పేరాలు తీసెయ్యి. చుట్టల దుకాణంలో బట్టలు మార్చుకున్న మనిషిని చూసిన తెలుగు పాఠకుడికి ఏం గుర్తురావాలో అది గుర్తొస్తుంది. నువ్వు వేలు పెట్టి చూపిస్తే అతను నిన్ను చూస్తాడు, పొలార్డ్‌ను చూడడు.

లీగు మూసుకున్న కాలంలో అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. షికాగోలో నల్లజాతివాళ్లతో బ్లాక్ హాక్స్ అనే జట్టు కట్టి ఊరూరా తిప్పాడు. తర్వాత న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట అయిన హార్లెమ్‌లో బ్రౌన్ బాంబర్స్ జట్టుకు కోచ్ అయ్యాడు, లీగు వద్దనుకున్న లిలార్డ్ అందులో ఆడాడు. అంతకుముందే పెట్టుబడుల కంపెనీ పెట్టాడు. 1935 నుంచి 1942 దాకా న్యూయార్క్‌లో ఇండిపెండెంట్ న్యూస్ అనే పత్రిక నడిపాడు. సినిమా తీశాడు, పన్నుల సలహాదారుగా పనిచేశాడు. కొడుకు ఫ్రిట్జ్ పొలార్డ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఇందులో ఒక్క అక్షరం నీ ప్రతిలో లేదు. బంతి పట్టని నలభై, యాభై ఏళ్లు బంతి పట్టిన పదిహేనేళ్ల కంటే తక్కువవని నీకెవరు చెప్పారు?

మధ్య ఏళ్లన్నీ దాటేసి ముగింపు 2005లో, మేటి ఆటగాళ్ల స్మారకశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టావు. అతను 1986 మేలో, 92వ ఏట కన్నుమూశాడు. పందొమ్మిదేళ్ల తర్వాత దక్కిన గౌరవం ఆ సంస్థ కథలో భాగం, అతని కథలో కాదు. ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్యి, దాని కోసం చప్పట్లు కొట్టించకు.

మొత్తం తిరగరాసేదాకా ఆగవద్దు. ముందు ఆ హార్లెమ్ ఏళ్ల అధ్యాయం ఒక్కటి రాసి పంపించు. పత్రిక పాత సంచికలేమైనా దొరికితే వాటిలోంచి నీ చేత్తో ఎత్తిరాసిన ముక్కలూ జతచెయ్యి. అచ్చు వెయ్యడానికి కాదు, నేను చదవడానికి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి