గుంటూరు ఫ్లాటులో చలికాలపు అలంకరణ: కార్పెట్టు, వెల్వెట్ సోఫా అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: గుంటూరు బ్రాడీపేటలో రెండు పడకగదుల ఫ్లాటు, నేలకు విట్రిఫైడ్ టైల్స్, తెల్ల గోడలు, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. సంక్రాంతికి చుట్టాలు వచ్చేలోపు హాలు వెచ్చగా, నిండుగా కనిపించాలి. ఇంటీరియర్ పనివాళ్లు గోడ నుంచి గోడ దాకా కార్పెట్టు, ఒక గోడకు కాఫీ రంగు, వెల్వెట్ సోఫా వేయించమంటున్నారు. వేయించవచ్చా?

వద్దనే చెబుతాను. మాది విజయవాడలో కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే దుకాణం. పండుగ ముందు ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకునేది నేనే. వేసవి ముదిరాక బరువైన గుడ్డలన్నీ విప్పి పల్చటివి వేయమని మళ్లీ అవే ఇళ్లవాళ్లు పిలుస్తారు. అందుకే నా మాట ఇది: మన చలికి మడిచి అటక మీద పెట్టుకోగలిగినవే కొనండి. నేలకు అతికించేవి, గోడకు పట్టించేవి ఏవీ వద్దు.

ఈ ట్రెండ్లు పుట్టిన చోట అవసరం వేరు. డెన్మార్క్ లాంటి దేశాల్లో డిసెంబరులో పగటి వెలుగు సుమారు ఏడు గంటలే ఉంటుంది. ఉన్ని పరుపులు, ముదురు రంగులు, గది నిండా కొవ్వొత్తులు అక్కడివాళ్లకు ప్రాణాధారం. మనకు ఆ నెలలో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. రాత్రి 18-20 డిగ్రీల దాకా దిగినా మధ్యాహ్నానికి 30 దగ్గరికి వస్తుంది. అదే హాలు మే నెలలో 44 డిగ్రీల ఎండను కూడా భరించాలి. కార్తీకం నుంచి సంక్రాంతి వరకు ఉండే చలి కోసం ఏడాది పొడవునా కార్పెట్టు మీద నడవడం న్యాయం కాదు.

ముందు నేల సంగతి. టైల్స్ నిజానికి గదిలోని గాలికంటే పెద్దగా చల్లగా ఉండవు. కాలిలోని వేడిని గబగబా లాగేస్తాయి కాబట్టి జిల్లుమంటాయి. చెక్క, నూలు, ఉన్ని ఆ వేడిని నెమ్మదిగా లాగుతాయి. కాబట్టి కాలు పడే చోట గుడ్డ ఉంటే చాలు, నేలంతా కప్పనక్కర్లేదు. సోఫా ముందు ఒక మందపాటి నూలు జంపఖానా, అత్తగారి మంచం పక్కన ఒక చిన్నది వేయండి. మంచిది ఒకటి కొనాలనిపిస్తే ఏలూరు ఉన్ని తివాచీ చూడండి. చేత్తో నేసినవి, మన పక్క ఊరివి, తరాలు నిలుస్తాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికంటే జారడం ప్రమాదం. తివాచీల దుకాణాల్లో కింద పరిచే రబ్బరు వల దొరుకుతుంది, దాన్ని తప్పకుండా వేయండి. అంచులు పైకి లేచి ఉంటే కాలికి తట్టుకుంటాయి, అలాంటిది కొనవద్దు.

అతికించే కార్పెట్టు ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి. మన కోస్తాలో చలి మొదలయ్యేది వానలతోనే. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, గాలిలో తేమ. ఆ తేమను కార్పెట్టు పీల్చుకుని వదలదు. కొన్నాళ్లకు ముక్కవాసన, ఆపైన దుమ్ము పురుగులు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అదే చాలు ప్రాణం తీయడానికి. ఇక 2024 సెప్టెంబరు మొదట్లో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు కింది అంతస్తుల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక మా ఖాతాదారుల వీధుల్లోకి వెళ్లాను. పార్టికల్ బోర్డు అల్మరాలు ఉబ్బి విచ్చుకుపోయాయి, వెల్వెట్ సోఫాలు, కార్పెట్లు బురదతో బయట పడి ఉన్నాయి. టేకు మంచాలు, పేము కుర్చీలు కడిగి ఆరబెట్టుకున్నారు. జంపఖానాలు దండేల మీద కనిపించాయి. మీది పై అంతస్తు కావచ్చు, అయినా ఇంట్లోకి ఏ వస్తువు తెచ్చుకుంటున్నా ఇది ఉతకగలనా, ఎండలో వేయగలనా అని చూసుకోండి.

సోఫా మార్చవద్దు. దాని మీద ఒక మందపాటి దుప్పటి వేసి, రెండు మూడు దిండు గలీబులు మార్చితే హాలు రూపే మారిపోతుంది. వెల్వెట్ మీద మనసు ఉంటే గలీబులకు వాడండి, చాలా బాగుంటాయి.

రంగుల విషయంలో మాత్రం ఈ ట్రెండు నాకు ఎంతో నచ్చింది. కాఫీ రంగు, ఇటుక రంగు, ఆవపువ్వు పసుపు, మట్టి ఛాయలు. ఏటా ఒక రంగును ‘ఈ ఏటి రంగు’గా ప్రకటించే పాంటోన్ సంస్థ 2025కు ఎంచుకున్నది మోకా మూస్, అంటే పాలు కలిపిన కాఫీ లాంటి గోధుమ ఛాయ. 2026కు దాదాపు తెల్లటి క్లౌడ్ డాన్సర్‌ను ప్రకటించారు. ఏడాదికొకటి మారే రంగును నాలుగైదేళ్లు ఉండే గోడకు పట్టించడం దేనికి? గుడ్డలో తెచ్చుకోండి. ఆ గుడ్డ మనకు పెడనలోనే ఉంది. మచిలీపట్నం పక్కన అచ్చులతో అద్దే కలంకారీలో ఈ రంగులన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటికతో ఎరుపు నిలిచేలా చేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టి నలుపు తీస్తారు. ఆ ఇటుక ఎరుపు పసుపుపచ్చటి దీపం వెలుగులో ఎంత నిండుగా ఉంటుందో కళ్లారా చూడాలి. కొనేటప్పుడు సహజ రంగులా, రసాయన రంగులా అని అడగండి, రెండూ అమ్ముతున్నారు. సహజ రంగులదైతే చన్నీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, నీడన ఆరేయాలి.

ఆ గుడ్డను కిటికీకి వేస్తే వెనక లైనింగ్ తప్పనిసరి, ఎండకు రంగు వెలుస్తుంది. ముఖ్యంగా దక్షిణం కిటికీకి. డిసెంబరులో మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సన్‌షేడ్ ఉన్నా ఎండ గదిలోకి వస్తుంది. జూన్‌లో మాత్రం నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికి వెళతాడు కాబట్టి ఆ కిటికీలోకి నేరుగా రాడు. అంటే దక్షిణం కిటికీ చలికాలంలో పైసా ఖర్చు లేని హీటరు. పొద్దున్నే తెర తీసి, సాయంత్రం నాలుగు దాటాక మూయండి. మీ అత్తగారి కుర్చీ అక్కడే వేయండి. ఉత్తరం కిటికీకి మాత్రం లైనింగ్ ఉన్న బరువైన తెర నేలను తాకేంత పొడవుగా వేయండి, రాత్రి చలిగాలి తగ్గుతుంది.

ఇక దీపాలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు వచ్చేది ఇక్కడే. మన హాళ్లలో దాదాపు అందరివీ 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైట్లు. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుపచ్చగా ఉంటుంది. బల్బు డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీలు రెండు తెచ్చి, ఒకటి సోఫా పక్కన కూర్చున్నప్పటి తల ఎత్తులో, ఇంకొకటి గది మూలలో పెట్టండి. 9 వాట్లు చాలు. సాయంత్రం ట్యూబులైటు ఆపి చూడండి. వంటింట్లోనూ, చదువుకునే చోటా తెల్ల వెలుగే ఉంచండి.

సువాసన కొవ్వొత్తుల గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు, నచ్చితే పెట్టుకోండి. కుంపటి మాత్రం తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పెట్టవద్దు. పెద్దవాళ్ల కాళ్లు కాచడానికి కొందరు ఇంకా పెడుతున్నారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పడకకు ఒక లావు రగ్గు కంటే పాత నూలు చీరలతో కుట్టిన బొంత, దాని మీద పల్చటి దుప్పటి మేలు. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం. పాత మంగళగిరి చీరలు ఉంటే పారేయకండి, వాటితో కుట్టిన బొంతకు ఆ అంచే అందం.

సంక్రాంతికి మీరు బొమ్మల కొలువు పెట్టేవాళ్లయితే హాల్లో ఆ మూలకు వేరే అలంకరణ ఏమీ అక్కర్లేదు. మెట్ల మీద కలంకారీ పరిచి, కొండపల్లి బొమ్మలు పెట్టి, పక్కన ఆ 2700 దీపం వెలిగించండి. బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, తడి గోడకు ఆనించకండి.

తెరల గుడ్డ లెక్క చెబుతాను. ఆరడుగుల వెడల్పు కిటికీకి కుచ్చులు నిండుగా రావాలంటే రెట్టింపు గుడ్డ కావాలి. 48 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అయితే మూడు ముక్కలు పక్కపక్కన కలపాలి. ఏడడుగుల పొడవుకు మడతలతో కలిపి ఒక్కో ముక్కకు ఎనిమిది అడుగులు, మొత్తం మీద ఏడున్నర మీటర్లు. పన్నా తక్కువ ఉన్న గుడ్డ అయితే కుచ్చులు కాస్త పల్చబడతాయి, అంతే. ధనుర్మాసం మొదలైతే కుట్టేవాళ్లెవరికీ తీరిక ఉండదు, గుడ్డ కార్తీకంలోనే ఇచ్చేయండి. మీ కిటికీల కొలతలు, అవి ఏ దిక్కుకు ఉన్నాయో ఇక్కడ రాస్తే దేనికి లైనింగ్ కావాలో, దేనికి అక్కర్లేదో చెబుతాను.